వట్టిచేతులతో రండి

2022 మార్చి 31, గురువారం, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు కోవూరులో నేను పనిచేసే బియ్యం మిల్లు ఆగిపోయింది. ఆ రోజు ఆగుతుందని అందరికీ ముందే తెలుసు. అయినా మోత నిలిచిన క్షణాన ఆవరణలో ఉన్నవాళ్లమంతా పని వదిలి తలలెత్తి చూశాం. ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి మిల్లు కప్పుమీది పిచ్చుకల అరుపు నా చెవిన పడింది. అవి అంతకాలమూ అరుస్తూనే ఉన్నాయన్నమాట. యజమాని కొడుకులు ఆ స్థలాన్ని ఇళ్ల ప్లాట్లు చేయదలచారు. వారిని తప్పుపట్టను. నాకప్పటికి యాభై ఒక్క ఏళ్లు. నన్ను ప్లాటుగా మార్చే వీలు లేదు.

ఉద్యోగాలు వెతుక్కుంటున్న చిన్నవాళ్లు ఈమధ్య నన్ను కూడా సలహా అడుగుతున్నారు. యజమాని ముందు తొలిచూపులోనే మంచి అభిప్రాయం కలిగించడం ఎలా అన్నది వారి ప్రశ్న. నేను కలిగించిన అభిప్రాయం ఎలాంటిదో, దానివల్ల ఏమి జరిగిందో నా డైరీలో తేదీలతో సహా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఏది అనుసరించాలో, ఏది మానుకోవాలో మీరే తేల్చుకోండి.

ముందుగా నా పనిని గురించి రెండు మాటలు. నేను మిల్లులో కాటా గుమాస్తాను. ధాన్యం బండి వస్తే కాటామీద నిలబెట్టి తూచి, బరువు రాసి, చీటీ చింపి ఇవ్వడం నా విధి. చూడడానికి సులువైన పని. అయితే అందులో ఒక నియమం ఉంది. అది ఏ కాగితంమీదా రాసి ఉండదు. కాటా దగ్గర కూర్చున్నవాడు నవ్వకూడదు. ఒక రైతును చూసి నవ్వితే వెనుక బండి రైతు, 'వీళ్లిద్దరూ ఒకటే' అనుకుంటాడు. యజమానిని చూసి నవ్వితే రైతులందరూ కాటా మధ్యకు వచ్చి నిలబడతారు. నేను చేరిన కొత్తలో ఒక పెద్ద రైతు చెప్పిన హాస్యానికి నవ్వి, ఆ సాయంత్రం పద్నాలుగు బండ్లను మళ్లీ తూచవలసి వచ్చింది. ఆనాటి నుంచి నా ముఖాన్ని కాటా ముల్లులాగే ఉంచుకున్నాను. కొన్నేళ్లకు అది అలవాటైంది. మరికొన్నేళ్లకు అదే నా ముఖమైంది.

ఇప్పుడు అసలు కష్టం. నా భార్య తమ్ముడికి సముద్రం వైపు రొయ్యల గుంటలున్నాయి. మిల్లు మూతపడిన మూడో రోజున, ఉగాది పచ్చడి చేదు ఇంకా నాలుకమీద ఉండగానే, అతను మా ఇంటికి వచ్చాడు.

"ఎందుకు బా దిగులు? మన గుంటలు లేవా? మేత స్టోరు చూసుకో, లెక్కలు రాసుకో. చల్లగాలి. కూర్చునే పని. నీకు కుర్చీ గూడా చెప్పినా."

మరుసటి రోజున ఆ కుర్చీ ఫొటో నా ఫోనుకు వచ్చింది. గుంట గట్టుమీద, రేకుల షెడ్డు పక్కన, ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ. కింద 'బా, నీ సీటు రెడీ' అని రాశాడు. తరువాత ప్రతి ఆదివారం ఆ కుర్చీ ఫొటో పంపడం మొదలుపెట్టాడు. ఒకసారి దానిమీద కొంగ వాలి ఉంది. 'సీటు ఖాళీగా ఉంటే ఇట్టనే బా' అని రాశాడు.

అతను చెడ్డవాడు కాడు. కాని బావాబావమరుదుల మధ్య ఉండే వేళాకోళానికి జీతం కూడా తోడైతే ఏమవుతుందో ఊహించండి. ఏప్రిల్‌లో వెంకటాచలంలో ఒక పెళ్లికి వెళితే, పంక్తిలో నా పక్కన కూర్చుని, ఎదుటి వరుసకు కూడా వినబడేట్టు, "మా బావ. లెక్కల్లో పులి. మన కాడ చేరబోతుండాడు" అన్నాడు. ఆ పంక్తిలో నాకు సాంబారు ఎక్కలేదు.

నా భార్య మాత్రం న్యాయంగానే మాట్లాడింది. "జూన్ ముప్పై దాకా వెతుక్కోండి. దొరక్కపోతే జూలై ఒకటిన తమ్ముడి దగ్గరికి పొండి. వాడేమన్నా పరాయివాడా?"

"పరాయివాడైతే రేపే వెళ్లేవాణ్ణి" అన్నాను.

ఆ విధంగా నా ముందు రెండే దారులు మిగిలాయి. మూడు నెలల్లో ఒక ఉద్యోగం, లేదా బతికినంతకాలం ఆ ఎర్ర కుర్చీ.

మొదటి ఇంటర్వ్యూ నెల్లూరులోని ఒక ప్రైవేటు బడిలో, ఆఫీసు పనికి. మీ బలహీనతలేమిటని కరస్పాండెంటుగారు అడిగారు. నిజాయితీగా చెప్పడం మొదలుపెట్టాను. నాలుగోదానికి వచ్చేసరికి ఆయనే చాలన్నారు. రెండోది ఒక మేతల కంపెనీ. పది గంటలకు రమ్మని, పదీ యాభైకి లోపలికి పిలిచారు. అక్కడి అధికారి మా అమ్మాయికంటే నాలుగేళ్లు పెద్దవాడు కావచ్చు. "సమయపాలనమీద మీ అభిప్రాయం చెప్పండి" అన్నాడు. నేను గోడ గడియారం వంక చూశాను. ఆ ఇంటర్వ్యూ అక్కడే ముగిసింది.

అప్పుడు మా అమ్మాయి రంగంలోకి దిగింది. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, కాలేజీలో కంపెనీలవాళ్ల ముందు ఎలా మెలగాలో శిక్షణ పొందుతున్నది. తాను నేర్చుకున్నదంతా సాయంత్రాలు నాకు నేర్పసాగింది. కుర్చీలో వెనక్కు వాలకూడదు. చేతులు కట్టుకోకూడదు. అడిగినవారి కళ్లలోకి చూసి జవాబు చెప్పాలి.

నేను చూశాను.

"అట్టా గాదు నాన్నా. దొంగను పట్టుకున్నట్టు చూస్తుండావు. కొంచెం నవ్వు."

"నవ్వాను కదమ్మా."

"అది నవ్వా? పంటినొప్పేమో అనుకున్నా." వంటింటి వైపు తిరిగి, "అమ్మా, పెళ్లప్పుడన్నా నవ్వినాడా ఈయన?" అని కేకేసింది.

"ఫొటో తీసినాయన చెప్పి చెప్పి అలిసిపోయినాడు" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

అద్దం ముందు రోజూ కొంతసేపు అభ్యాసం చేశాను. పదో రోజున అమ్మాయి చూసి, "నవ్వొద్దులే నాన్నా, భయపడతారు" అని తన శిక్షణలో ఆ భాగాన్ని వదిలేసింది.

జూన్ మొదటి వారంలో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన కనబడింది. సముద్రపొడ్డున ఉన్న ఒక రొయ్యపిల్లల హేచరీలో, సరుకు పంపే చోట పర్యవేక్షణకు లెక్కలు తెలిసిన అనుభవస్థుడు కావాలి. దానిని గ్రూపులో పెట్టినవాడు మా బావమరిదే. నాకు ఉద్యోగం దొరక్కూడదని కోరుకోవలసిన మనిషి నాకు దారి చూపడం వింతగా తోచింది. మనిషిని తప్పుగా అంచనా వేశానేమోనని లోలోపల కొంత సిగ్గుపడ్డాను కూడా. దరఖాస్తు పెట్టాను. జూన్ 14, మంగళవారం, పదకొండు గంటలకు రమ్మన్నారు.

ఇక్కడ మా వ్యాపారపు ఆచారం ఒకటి చెప్పాలి. బియ్యం వ్యాపారంలో ఎవరూ వట్టిచేతులతో ఎవరి ముందుకూ వెళ్లరు. మొదటిసారి వచ్చే దళారి జేబులో కాగితం పొట్లం ఉంటుంది. అందులో మచ్చుకు గుప్పెడు బియ్యం. నమస్కారానికి ముందే పొట్లం విప్పి బల్లమీద పెడతాడు. యజమాని రెండు గింజలు నమిలిన తరువాతే కూర్చోమంటాడు. మచ్చు లేకుండా వచ్చినవాడు కబుర్లు చెప్పడానికి వచ్చాడని లెక్క. ఇరవై నాలుగేళ్లు ఇది చూసినవాణ్ణి. హేచరీకి ఏమి మచ్చు తీసుకుపోవాలన్నది నా సందేహం. రొయ్యల లోకం నాకు కొత్త. అందుకని తెలిసినవాణ్ణే అడిగాను.

"బియ్యమెందుకు బా వాళ్లకు?" అన్నాడు బావమరిది. "రొయ్యలు తీసుకుపో. నేనిస్తా."

"రొయ్యపిల్లలు అమ్మేవాళ్లకు రొయ్యలా?"

"వాళ్ల కాడ ఉండేది కంటికి కనపడని పిల్లలు బా. తల్లుల్ని కోసుకుని తింటారా? రొయ్యల మధ్యనే బతుకుతుంటారు, కూరకు మాత్రం దొరకదు. కిలోకు ముప్పై తూగే సరుకిస్తా. మేడం జన్మలో నిన్ను మర్చిపోదు."

మాట హేతుబద్ధంగానే ఉంది. మంగళవారం తెల్లవారుతూనే అతను థర్మోకోల్ పెట్టెతో వాకిట్లో దిగాడు. రెండు కిలోల రొయ్యలు, పైన ఐసు. పెట్టెను తానే నా స్కూటరుమీద కాళ్లు పెట్టుకునే చోట సర్ది, భుజం తట్టి, "నవ్వుకుంటా పో బా" అని పంపాడు.

నేనూ ముస్తాబులో లోటు చేయలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త నల్ల బూట్లు, అమ్మాయి బలవంతాన కొట్టిన సెంటు, సర్టిఫికెట్ల ఫైలు. ఫైలును మోకాళ్లకూ పెట్టెకూ మధ్య నిలబెట్టాను. పెన్న దాటాను. నెల్లూరు దాటాను. వెంకటాచలం దాటి, హైవే వదిలి తూర్పుకు తిరిగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఐసు కరగడం మొదలైంది. నీళ్లు పెట్టె మూలనుంచి కారి ఫైలులోకి, ఫైలునుంచి ప్యాంటులోకి, అక్కడినుంచి కొత్త బూట్లలోకి దిగాయి. హేచరీ గేటు చేరేసరికి నేను నడిస్తే చప్పుడయ్యే స్థితిలో ఉన్నాను. అయినా ముందుగానే చేరానన్న తృప్తి ఉంది.

గేటు దగ్గర నేలమీద వెడల్పాటి తొట్టి, అందులో వంకాయ రంగు మందునీళ్లు. కాపలాదారు, సూళ్లూరుపేట వైపు మనిషి, ఎదురొచ్చి మర్యాదగానే అడిగాడు.

"యాడ నుంచి సార్? ఏ గుంట కాడ నుంచైనా వస్తుండారా?"

"లేదు. కోవూరు నుంచి. ఇంటర్వ్యూకు."

"రొయ్యలేమన్నా తాకినారా సార్, ఈ రెండు మూడు రోజుల్లో?"

నా కానుకను ప్రస్తావించడానికి ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాను. "తాకడమేమిటి, తెచ్చాను. మేడమ్‌గారికి" అని మూత తీసి చూపించాను.

ఆ మనిషి రెండంగల్లో గేటు లోపలికి పోయాడు. పామును చూసినవాడు కూడా అంత వేగంగా వెనక్కు పోడు. "మూత పెట్టండి సార్! మూత! ఆడనే నిలబడండి! కదలబాకండి!" అంటూ విజిల్ ఊదాడు.

మిగిలిన సంగతి నాకు తరువాత బోధపడింది. మీకు ఇప్పుడే చెబుతాను. గుంటల్లో పెరిగిన రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వంటివి ఉండవచ్చు. పైకి కనబడదు. ఒక్క చుక్క నీటితో అది హేచరీలోకి చేరిందా, తల్లి రొయ్యలూ పిల్లలూ తొట్లకు తొట్లే ఖాళీ అవుతాయి. అందుకే గుంటల మీదుగా వచ్చినవాణ్ణి కాళ్లు కడగనిదే గేటు దాటనివ్వరు. ఇక గుంట రొయ్యలను పెట్టెలో పెట్టుకుని, వాటి నీళ్లతో తల నుంచి కాదుగాని నడుము నుంచి పాదాల దాకా తడిసి, ఉద్యోగం అడగడానికి వచ్చిన మొదటి మనిషిని నేనే.

లోపలినుంచి చేతి తొడుగులతో ముగ్గురు వచ్చారు. పొడవాటి కర్రతో పెట్టెను తోసుకుంటూ పోయి, గోడ అవతల గుంత తీసి, బ్లీచింగ్ పొడి చల్లి పూడ్చారు. నా స్కూటరు చక్రాలను మందునీళ్లలో ముంచారు. ఫైలును బయటే ఎండలో పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. కాపలాదారు నాకొక సబ్బు, బకెట్టు చూపించి, గేటు గది వెనుక స్నానం చేసి రమ్మన్నాడు. దూరం నుంచే ముక్కు ఎగబీల్చి, "సెంటు గూడా కొట్టినట్టుండారే. ఇంకోతూరి రుద్దుకోండి సార్" అన్నాడు.

స్నానమయ్యాక కట్టుకోవడానికి వాళ్ల పనివాళ్లకిచ్చే దుస్తులే ఇచ్చారు. మోకాళ్ల దాకా వచ్చే నీలం లాగు, నీలం టీషర్టు. టీషర్టు ఎవరో సన్నపాటి కుర్రవాడి కొలత. నాభిని కప్పాలంటే భుజాలు వంచాలి, భుజాలు ఎత్తితే నాభి తేలుతుంది. ఛాతీమీద కంపెనీ గుర్తు. గులాబి రంగు రొయ్య ఒకటి, రెండు మీసాలూ ఎత్తి పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతోంది. రొయ్యకు పళ్లుండవని నాకు తెలుసు. ఆ స్థితిలో చెప్పే సాహసం చేయలేదు.

నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు గది అరుగుమీద ఒక చివర నన్ను కూర్చోబెట్టారు. రెండో చివర కుర్చీ వేసుకుని మేడమ్‌గారు కూర్చున్నారు. నలభై అయిదేళ్లుంటాయి. హేచరీ నడిపేది ఆమే. నన్ను చూసి, నా ఛాతీని చూసి, పెదవి బిగించి కాసేపు కాగితాలు సర్దారు.

"ఎవరిచ్చారండీ ఆ రొయ్యలు?"

"మా బావమరిది."

"గుంటలెక్కడ ఆయనవి?"

చెప్పాను. ఆమె కాగితాలు పక్కన పెట్టారు.

"కాస్త పొట్టిగా, భుజాన తువ్వాలుతో ఉంటారా? మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల భుజం తడుతుంటారా?"

"అవునండీ."

"ఆయన అయిదేళ్లుగా మా దగ్గరే సీడు, అంటే రొయ్యపిల్లల్ని, కొంటున్నారు. ఈ గేటు దగ్గర కాళ్లు కడుక్కోవడం ఆయనకు మీ ఇంట్లో చెప్పులు విడవడమంత అలవాటు." పెన్ను కింద పెట్టి అడిగారు. "ఆయనకు తెలియదంటారా?"

తెల్లవారుజామున నా భుజంమీద పడిన చెయ్యి గుర్తుకొచ్చింది. ఆ వెంటనే ఎర్ర కుర్చీ కళ్ల ముందు నిలిచింది. ఈసారి దానిమీద కొంగ లేదు. నేనున్నాను.

"మీరు అప్పటి నుంచి ఒక్కసారి కూడా నవ్వలేదు" అన్నారామె. "ఈ బట్టల్లో ఉన్న మనిషి ఎవరైనా నవ్వాలి, లేకపోతే ఏడవాలి."

దాచవలసింది ఇంకేమీ మిగలలేదు కనుక కాటా సంగతి చెప్పాను. నవ్వితే తూకంమీద అనుమానం వస్తుందని, అందుకని మానుకున్నానని, ఇప్పుడు మొదలుపెడదామంటే రావడం లేదని చెప్పాను. ఆమె కుర్చీని ఒక అంగుళం ముందుకు జరుపుకున్నారు.

"మా దగ్గర పనేమిటో తెలుసా? సీడు కొనేవాళ్లు వస్తారు. ఏదో ఒక సంచి వాళ్లే చూపిస్తారు. దాన్ని విప్పి, బేసిన్లో పోసి, వాళ్ల ఎదుటే పిల్లల్ని లెక్కపెట్టాలి. కొసరు ఎంతో ముందే మాట ఉంటుంది. అయినా ప్రతివాడూ తక్కువొచ్చిందంటాడు. బతిమాలతాడు, జోకులేస్తాడు, భుజం తడతాడు. ఇంతకుముందు చేసినతను మంచివాడు. ఎవరు నవ్వినా తానూ నవ్వేవాడు. నవ్విన ప్రతిసారీ ఒక గరిటె కొసరు పోయేది. చివరకు మీ బావమరిది పేరు వింటే సెలవు పెట్టేవాడు." ఆమె నా వంక సూటిగా చూశారు. "ఆయనే వచ్చి, బావా, తక్కువొచ్చింది అన్నారనుకోండి. ఏం చేస్తారు?"

"మళ్లీ లెక్కపెడతాను."

"మళ్లీ తక్కువే అన్నారు."

"మళ్లీ లెక్కపెడతాను."

"ఎన్నిసార్లండీ?"

"ఆయన అలిసిపోయేదాకా."

మేడమ్‌గారు లేచారు. సర్టిఫికెట్లు అడగలేదు. అవి రాళ్ల కింద ఎండుతూనే ఉన్నాయి. "సోమవారం నుంచి రండి" అన్నారు. గేటు దాకా వెళ్లి వెనక్కు తిరిగి, "వట్టిచేతులతో రండి" అన్నారు.

ఇంటికి నీలం లాగుతోనే వెళ్లాను. తలుపు తీసిన నా భార్య నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంటర్వ్యూకు పోయినారా, ఈత కొట్టేదానికి పోయినారా?" అంది. చెప్పవలసింది చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి లోపలికి పోయింది. లోపల ఆపుకోలేదు.

సాయంత్రం బావమరిది ఫోను చేశాడు. గొంతులో బెల్లం.

"ఏం బా, మేడం రొయ్యలు చూసిందా?"

"చూసింది."

"ఏమనింది?"

"సోమవారం చేరమంది."

వెనుక గుంటలో నీళ్లు చిమ్మే యంత్రాల మోత వినబడింది. తరువాత, "మంచిదే బా" అన్నాడు. ఆ మాటలో నిరాశ ఉన్నదో, సంతోషమున్నదో అప్పుడు పట్టుకోలేకపోయాను.

జూన్ 20న చేరాను. ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు మొదటిరోజే నాకు 'కాటా అన్న' అని పేరు పెట్టారు. నన్ను నవ్వించాలని వాళ్లలో వాళ్లు పందెం కాసుకున్నారని తరువాత తెలిసింది. వాళ్ల పరాచికాల మధ్య ముఖం నిలుపుకోవడం పద్నాలుగు బండ్లు తూయడంకంటే కష్టం. అయినా నిలుపుకున్నాను.

జూలై 7, గురువారం, సాయంత్రం మా బావమరిది సీడుకు వచ్చాడు. ఆ సంగతి నాకు ముందురోజే తెలుసు. అందుకని కాపలాదారును ఒక చిన్న సాయం అడిగి, గేటు దగ్గర నేనే నిలబడ్డాను. బండి దిగిన మనిషి చేతులు చాచుకుంటూ వచ్చాడు.

"ఏం బా! గేటు కాడికే ఎదురొచ్చినావే!"

"ఏ గుంట దగ్గర నుంచైనా వస్తున్నారా?" అన్నాను.

"ఏంది బా, కొత్తోణ్ణి అడిగినట్టు? నా గుంట కాడ నుంచే. మేత చల్లించి ఇట్ట వచ్చినా."

"రొయ్యలేమైనా తాకారా?"

"రొయ్యలోణ్ణి రొయ్యలు తాకినావా అంటావేంది?"

కాపలాదారు సబ్బూ బకెట్టూ తెచ్చి పెట్టాడు. కాళ్లు కడిగితే చాలదా అని బావమరిది వాదించాడు. మోకాళ్ల దాకా ఉన్న గుంట బురదను నేను వేలితో చూపించాను. స్నానమయ్యాక అతనికి ఒక నీలం టీషర్టు అందించాను. అదే టీషర్టు. ఉతికించి దాచి ఉంచాను. నాకంటే అతను పొట్టి అయినా పొట్ట పెద్దది. గులాబి రొయ్య అడ్డంగా సాగి, చెవుల దాకా నవ్వింది. ప్యాకింగ్ షెడ్డులో ఆడవాళ్లు చేస్తున్న పని వదిలేశారు. "ఏం అన్నా, పండక్కు కుట్టిచ్చుకున్నావా?" అని ఒకామె అడిగింది.

అతను నూరు సంచుల్లోంచి ఏరి ఒకటి చూపించాడు. విప్పి బేసిన్లో పోయించి, గరిటెతో లెక్క మొదలుపెట్టాను. అతను నా చెవి దగ్గరికి వంగాడు.

"బా. మనోళ్ల సరుకు. కాస్త చూసి లెక్కపెట్టు."

"చూసే లెక్కపెడుతున్నాను."

మాట ప్రకారం రావలసిన కొసరుతో సహా సరిగ్గా వచ్చింది. తక్కువన్నాడు. మళ్లీ లెక్కపెట్టాను. అతను మూడు జోకులు చెప్పాడు. ఆడవాళ్లందరూ నవ్వారు. మళ్లీ తక్కువన్నాడు. మూడోసారి గరిటె తీసేసరికి భుజం తట్టాడు. నేను గరిటె దించి, ఆ చెయ్యి తీసేదాకా ఆగి, మొదటినుంచి లెక్కపెట్టాను. నాలుగోసారికి అతను ఖాళీ సంచుల మూటమీద కూలబడి, చేతులు రెండూ తొడలమీద చరుచుకున్నాడు.

"ఇందుకా బా నిన్ను ఈడికి పంపించింది!"

షెడ్డులో నవ్వులు ఆగాయి. నేను గరిటె పక్కన పెట్టాను.

"నువ్వు పంపావా?"

"మరి? ఆ ప్రకటన ఎవరు పెట్టినారు? యాభై మంది అర్జీలు పెట్టినారంట గదా. నవ్వుకుంటా, షేకండ్లిచ్చుకుంటా పోయినోళ్లు యాభై మంది. రొయ్యల పెట్టెతో పోయినోడు నువ్వొక్కడివే. మేడం ఎవర్ని గుర్తుపెట్టుకుంటది?" అతను ఊపిరి తీసుకున్నాడు. "లెక్కపెట్టే కాడ మన మనిషుంటే మనకింత కొసరు పడతదనుకున్నా. నువ్వేమో!"

"మరి నన్ను గేటు బయటనుంచే తరిమేసి ఉంటే?"

అతను నా వంక జాలిగా చూశాడు. ఇంత చిన్న లెక్క తెలియదా అన్నట్టు.

"కుర్చీ ఉండాదిగా బా."

ఆ మాటలో తప్పు పట్టుకుందామని చాలాసేపు వెతికాను. ఎటు పోయినా తనకు లాభం వచ్చేట్టు వేసిన లెక్క అది. అందులో అతను వదిలేసిన అంకె ఒక్కటే, నా ముఖం. ఆ క్షణాన నేను నవ్వానని ప్యాకింగ్ షెడ్డు ఆడవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. పందెం తీరిందని వాళ్లలో వాళ్లు బజ్జీలు కూడా తెప్పించుకున్నారు. నా డైరీలో ఆ రోజు పేజీలో అలాంటిదేమీ లేదు.

కనుక చిన్నవాళ్లారా, మంచి అభిప్రాయం కలిగించడం ఎలా అని నన్నడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. నేను సిద్ధం చేసుకున్నదంతా గేటు బయటే పూడ్చిపెట్టారు, లేదా ఎండబెట్టారు. లోపలికి పోయింది నేను దాచుకోవాలని మూడు నెలలు పాటుపడిన ముఖం ఒక్కటే. మీ విషయంలోనూ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. ఎక్కడికి వెళుతున్నారో అక్కడికి ఏమి తీసుకుపోకూడదో మాత్రం ముందే విచారించండి. విచారించేటప్పుడు బావమరుదులను అడగకండి.

నేటికి లెక్క ఇది.

పోయినవి: రెండు కిలోల రొయ్యలు, ఐసుతో సహా. మందునీళ్లకు రంగు మారిన కొత్త బూట్లు ఒక జత. తడిసి అతుక్కుపోయిన పదో తరగతి సర్టిఫికెట్టు నకలు. సగం సీసా సెంటు.

మిగిలినవి: ఉద్యోగం. ముఖం. నీలం టీషర్టు, ఇద్దరి వాడకంలో. బావమరిది. ఇప్పటికీ సీడుకు వస్తాడు, ఇప్పటికీ తక్కువంటాడు.

ఎర్ర కుర్చీ: గుంట గట్టుమీదే ఉంది. ఖాళీగా. ఆదివారాల్లో ఫొటో వస్తుంది.